తీగ చుట్టినవాళ్ళు

మేము ఇల్లు కట్టుకుంటున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. గోడలు లేచాయి, స్లాబు పడింది, కరెంటు పని మొదలైంది. మావారు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోయేవారు. పనివాళ్ళ మీద అజమాయిషీ అంతా నాదే. అజమాయిషీ అంటే ఏముంది లెండి, ఇసక కుప్ప పక్కన కుర్చీ వేసుకుని, రాయవలసిన నవల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, రెండు పూటలా టీలు కాచి పొయ్యడం!

ఆ రోజు కరెంటు మేస్త్రి గోడలోని గొట్టాల్లోకి వైరు లాగుతున్నాడు. కొత్త వైరు చుట్ట నేలమీద పడేసి ఉంది. ఆయన కొస పట్టుకుని లాగుతుంటే చుట్లు ఒక్కొక్కటే పైకి లేచి వస్తున్నాయి. చుట్ట దగ్గర ఒక కుర్రాడు నిలబడి వైరు అందిస్తున్నాడు. పద్ధెనిమిదేళ్ళు ఉంటాయేమో, కొత్తగా పనిలో చేరినట్టున్నాడు. పది గజాలు వచ్చిందో లేదో వైరు మెలి తిరగడం మొదలెట్టింది. ఒక మెలిక గొట్టం మూతి దగ్గర ఇరుక్కుంది. మేస్త్రి బలం కొద్దీ లాగాడు. పైన ఉన్న తొడుగు కాస్తా గీరుకుపోయింది.

"చూసుకోవద్దట్రా?" అంటూ మేస్త్రి ఆ కుర్రాణ్ణి చెంపమీద ఒక్కటి ఇచ్చాడు.

కుర్రాడు ఏడవలేదు, ఎదురు చెప్పనూలేదు. మేస్త్రి భోజనానికి వెళ్ళాక మాత్రం ఒక పని చేశాడు. రెండు ఇటికల దొంతరలు పేర్చి, వాటిమీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, ఆ కర్రకు వైరు చుట్టను తగిలించాడు. కొస పట్టుకుని లాగాడు. చుట్ట గిర్రున తిరిగింది. వైరు నూనె రాసి దువ్విన జుట్టులా, ఒక్క మెలిక లేకుండా వచ్చింది.

"చుట్ట తిరగాలమ్మా, వైరు తిరక్కూడదు" అన్నాడు నన్ను చూసి.

"నీకెవరు చెప్పారయ్యా?"

"మా నాయనమ్మ. మాది మగ్గం ఇల్లండి. నూలు చిలప చక్రానికి తొడిగి, చక్రాన్ని తిరగనిస్తాం. చిలప కింద పడేసి దారం పైకి లాగితే మెలికలు పడి తెగిపోద్ది."

"మరి ఆ మాట మేస్త్రికి చెప్పలేకపోయావా?"

"కొట్టాక చెప్పేదేముందమ్మా!" అని నవ్వేశాడు.

నేను బి.ఏ. చదివినదాన్ని. సైన్సు పేరు చెబితే దూరం నుంచే దణ్ణం పెట్టే రకం. అయినా ఆ రాత్రి ఉండబట్టలేక మా అమ్మాయి జడ రిబ్బను తెచ్చి పరీక్ష చేశాను. మీరూ చేసి చూడండి, ఖర్చేమీ లేదు. రిబ్బనును రెండు వేళ్ళ చుట్టూ చదునుగా చుట్టండి. వేళ్ళు తీసేసి, ఆ చుట్టను కదలకుండా బల్లమీద పడుకోబెట్టి, లోపలి కొస పట్టుకుని నిలువుగా పైకి లాగండి. చుట్టుకొక మెలి చొప్పున రిబ్బను జంతికలా తిరిగిపోతుంది. అదే చుట్టను పెన్సిలుకు తొడిగి, పెన్సిలును తిరగనిస్తూ విప్పండి. మెలి ఉండదు. పది చుట్లు కదలకుండా ఉండిపోతే పది మెలికలు రిబ్బనుకు ఎక్కుతాయి. అవి ఎక్కడికీ పోవు. చుట్ట తిరగాలి, లేదా తీగ తిరగాలి. ఈ లెక్కలో అప్పు ఎగ్గొట్టడమన్నది లేదు.

అయితే, తిప్పడానికి వీల్లేనంత పెద్ద చుట్ట అయితే ఏం చేస్తారు? ఆ అనుమానం నన్ను కొన్నాళ్ళు పీడించింది. సమాధానం వెతుక్కుంటూ పోతే సముద్రం మధ్యలో తేలాను!

1850లలో ఇంగ్లండుకూ అమెరికాకూ మధ్య కబురు వెళ్ళాలంటే ఓడ మీదే వెళ్ళాలి. పది పన్నెండు రోజుల మాట. సైరస్ ఫీల్డ్ అనే అమెరికా కాగితాల వర్తకుడు, అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫు తీగ పరిపించాలని పట్టుబట్టాడు. తీగ అంటే మన దండెం తీగ కాదు. మధ్యలో 7 రాగి పోగులు. వాటిమీద గట్టాపర్చా, అంటే మలయా అడవుల్లో దొరికే రబ్బరులాంటి చెట్టుపాలతో చేసిన తొడుగు. దానిమీద తారు పట్టించిన నార. ఆ పైన కవచంగా 18 ఇనప పేటలు, పేటకు 7 సన్నని తీగలు. మైలుకు దాదాపు ఒక టన్ను బరువు. అలాంటిది 2,500 నాటికల్ మైళ్ళు కావాలి! ఇనప తీగలన్నీ విప్పి వరసగా కలిపితే మూడు లక్షల మైళ్ళు దాటుతుంది. చందమామను దాటిపోతుందన్నమాట.

అంత పొడుగు కేబుల్ ఒక్కచోట తయారు కాదని రెండు కంపెనీలకు చెరిసగం ఇచ్చారు. గ్రీనిచ్‌లో గ్లాస్, ఇలియట్ కంపెనీ, బర్కెన్‌హెడ్‌లో న్యూయల్ కంపెనీ. రెండూ కష్టపడి పనిచేశాయి. తీరా చూస్తే ఒక కంపెనీ ఇనప పేటలను కుడి పురి పెట్టి చుట్టింది, రెండోది ఎడమ పురి పెట్టి చుట్టింది!

అయితే ఏమంటారా? తాడు పేనడం చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పురి ఉన్న తాడును బరువు లాగితే ఆ పురి విచ్చుకోవాలని చూస్తుంది. ఒకే పురి ఉన్న రెండు తాళ్ళను ముడేస్తే, ముడి దగ్గర ఒకటి ఇటు తిరుగుదామంటే రెండోది అటు లాగి ఆపుతుంది. ఎదురు పురి తాళ్ళను ముడేస్తే రెండూ కలిసి ముడిని ఒకే వైపు తిప్పుతాయి. తగువు పడవలసిన చోట ఏకమై, ఒకదాన్నొకటి విప్పేసుకుంటాయి. సముద్రం మధ్యలో, మైళ్ళ లోతుకు వేలాడే కేబుల్‌కు ఆ గతి పడితే ఇంకేముంది! చివరికి అతుకు తిరగకుండా పట్టి ఉంచేందుకు ఒక కొయ్య చట్రం చేసి గండం గడుపుకున్నారు. ముందే రెండు కార్ఖానాలవాళ్ళూ ఒక్క మాట అనుకుని ఉంటే సరిపోయేది. వియ్యాలవారి మధ్య సామాన్ల జాబితాలో కూడా ఇంతకన్నా జాగ్రత్త ఉంటుంది.

ఇక చుట్ట సంగతి. సగం కేబుల్ బ్రిటిష్ యుద్ధనౌక అగమెమ్నాన్‌లో, మిగతా సగం అమెరికా నౌక నయాగరాలో నింపారు. ఒక్కో ఓడలో వెయ్యి టన్నులు దాటిన తీగ. ఇటికల మీద కర్ర పెట్టి తిప్పుదామంటే తిరిగేదా? తిరిగినా, ఆ విసురును ఆపేదెవరు? అందుకని ఉపాయం తిరగేశారు. చుట్ట తిరగదు కాబట్టి, విప్పేటప్పుడు చుట్టుకొక మెలి పడి తీరుతుంది. అలాంటప్పుడు, సరిగ్గా దానికి ఎదురు మెలిని చుట్టేటప్పుడే తీగలో పెట్టేస్తే? విప్పేటప్పుడు పడే మెలి, ముందే పెట్టిన మెలి ఒకదానికొకటి చెల్లు! తీగ తిన్నగా సముద్రంలోకి దిగుతుంది.

వినడానికి పెద్ద విద్యలా ఉంది గాని, చేసే తీరు మహా సాదాగా ఉంటుంది. కేబుల్ పైనుంచి ఓడ గర్భంలోకి దిగుతుంది. కింద మనుషులు దాన్ని చేతుల్లో పట్టుకుని గుండ్రంగా నడుస్తారు. మొదటి చుట్టు అంచున, రెండో చుట్టు దానికి ఆనుకుని లోపల, అలా మధ్యకు చేరుకుంటారు. ఒక వరస పూర్తయితే కొసను మళ్ళీ అంచుకు తెచ్చి, పైన ఇంకో వరస. పైనుంచి దిగే తీగను కదలని నేలమీద గుండ్రంగా పరుస్తుంటే, వాళ్ళు వేసే ఒక్కో ప్రదక్షిణకు ఒక్కో మెలి దానంతటదే తీగలోకి ఎక్కుతుంది. మధ్యలో మాత్రం ఒక గోపురం లాంటి దిమ్మ నిలబెడతారు. లోపలి చుట్లు మరీ బిగుతై మెలిక పడకుండా, విప్పేటప్పుడు నడిమి గోతిలోకి జారకుండా ఆ దిమ్మ కాపలా. ఈ ఉపాయానికి న్యూయల్ 1855లో పేటెంటు తీసుకున్నాడు.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా 1857 ఆగస్టులో మొదటి ప్రయత్నం వారం తిరక్కుండానే తెగిపోయింది. 1858 జూన్‌లో మళ్ళీ బయలుదేరారు. ఈసారి అగమెమ్నాన్ భయంకరమైన తుఫానులో చిక్కుకుంది. రోజుల తరబడి ఓడ అటూ ఇటూ దొర్లింది. బొగ్గు బస్తాలు పగిలి మనుషుల మీద పడ్డాయి. ఓడ గర్భంలో చుట్ట పైభాగం కదిలి, వరసలు జారి, తీగంతా చిక్కుపడిపోయింది. గాలి తగ్గాక ఆ చిక్కు తీసి, మైళ్ళ కొద్దీ తీగను వేరే చోటికి మార్చి, మళ్ళీ గుండ్రంగా నడిచి చుట్టుకున్నారు. మన ఇళ్ళల్లో ఊలు ఉండ పిల్లి దొర్లిస్తేనే మనకు ఏడుపొస్తుందే!

ఎన్నో తెగడాల తరవాత 1858 ఆగస్టు 5న తీగ ఒడ్డుకు చేరింది. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన 98 మాటల సందేశం వెళ్ళడానికి 16 గంటలు పట్టింది. అయినా జనం వీధుల్లో బాణాసంచా కాల్చారు. ఆ సంబరం చల్లారక ముందే, నెల రోజులకే, తీగ మూగబోయింది.

ఆ తరవాతి ప్రయత్నం 1865లో. అప్పటికి ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద ఓడ గ్రేట్ ఈస్టర్న్. 693 అడుగుల పొడుగు. ప్రయాణీకులు దొరక్క యజమానులను దివాలా తీయించిన ఆ తెల్ల ఏనుగుకు చివరికి ఈ పని దొరికింది. కొత్త కేబుల్ మునుపటికన్నా చాలా లావు. సుమారు 2,300 నాటికల్ మైళ్ళది మొత్తం ఒక్క ఓడలోనే పట్టింది. ఓడలో మూడు ఇనప తొట్లు కట్టారు. అన్నిటికన్నా పెద్దదాని అడ్డకొలత 58 అడుగుల పైమాటే. తొడుగు పాడవకుండా తొట్లలో నీళ్ళు నింపారు. కేబుల్‌ను గ్రీనిచ్ కార్ఖానా నుంచి పాత ఓడల మీద తెచ్చి ఇందులో చుట్టడానికి నెలలు పట్టింది.

నేను కాగితం మీద లెక్క కట్టాను. అన్నీ అంచున ఉండే పెద్ద చుట్లే అనుకున్నా ఒక మైలు తీగకు ముప్పైకి పైగా ప్రదక్షిణలు. మొత్తం తీగకు డెబ్బై వేలకు తక్కువ కాదు. లోపలి చుట్లు చిన్నవి గనక నిజానికి ఇంకా ఎన్నో ఎక్కువ. గుడి చుట్టూ అన్ని ప్రదక్షిణలు చేస్తే దేవుడు ప్రత్యక్షమయ్యేవాడు. వీళ్ళకు మాత్రం ప్రత్యక్షమైంది అనుమానం.

ఎలాగంటే, ఓడ ఐర్లండు తీరం వదిలిన మర్నాడే, జూలై 24న, తీగలో కరెంటు కారిపోవడం మొదలైంది. సముద్రంలోకి వదిలిన తీగను వెనక్కి లాగి చూస్తే, రెండంగుళాల ఇనప ముక్క గట్టాపర్చాలోంచి రాగి దాకా గుచ్చుకుని ఉంది. బాగు చేసి ముందుకు సాగారు. జూలై 29న మళ్ళీ అదే జబ్బు, మళ్ళీ గుచ్చుకున్న ఇనప ముక్క. రెండుసార్లూ తొట్టెలో పనిలో ఉన్నది ఒకే జట్టు!

ఇంకేం కావాలి? ఎవరో డబ్బిచ్చి చేయించారన్నారు. పోటీవాళ్ళ కుట్ర అన్నారు. అంతకు ముందు రోజు దాకా ఆ జట్టు మనుషుల ముఖాలు ఎవరికీ తెలియవు. ఒక్క రాత్రిలో అందరి చూపులూ వాళ్ళమీదే పడ్డాయి. ఆ మనుషులే, ఇది చూస్తే మాకూ కావాలని చేసినట్టే ఉంది, మమ్మల్ని కాపలా కాయండి అని ఒప్పుకున్నారట. నెలల తరబడి తమ చేతులతో పరిచిన తీగ దగ్గర, తామే దొంగల్లా నిలబడాల్సి వచ్చింది. పెద్దమనుషులు వంతులు వేసుకుని తొట్టెలోకి దిగి వాళ్ళమీద కాపలా కాశారు.

ఆగస్టు 2 తెల్లవారుజామున వంతు సాక్షాత్తూ సైరస్ ఫీల్డ్‌ది. ఆయన తొట్టెలో ఉండగా తీగ పైకి వెళ్తూ గీరుకున్న చప్పుడు వినిపించింది. పనివాళ్ళలో ఒకడు, అదిగో తీగ ముక్క పోతోందని కేక వేశాడు. ఆ కేక పైవాళ్ళకు అందేలోపల ఆ చోటు కాస్తా సముద్రంలోకి జారిపోయింది. కొద్దిసేపటికే తీగలో దోషం బయటపడింది. అప్పుడు తొట్టెలో ఉన్న తీగను పరీక్షించి చూస్తే అసలు సంగతి తెలిసింది. కవచపు ఇనప తీగ అక్కడక్కడ పెళుసుగా ఉంది. పైన ఉన్న చుట్ల బరువుకు విరిగి, ఆ విరిగిన కొసే లోపలికి గుచ్చుకుంటోంది. దొంగ మనుషుల్లో లేడు, తీగలోనే ఉన్నాడు! పైనుంచి చూసినంత కాలం పనివాళ్ళే నేరస్థుల్లా కనిపించారు. తొట్టెలోకి దిగి నిలబడ్డ మనిషికి నిజం చెవిలో పడింది.

నిజం తెలిసింది గాని తీగ దక్కలేదు. దోషాన్ని సరిచేద్దామని వెనక్కి లాగుతుండగా, ఆ రోజు మధ్యాహ్నమే తెగి రెండువేల నిలువుల లోతుకు జారిపోయింది. 1,200 మైళ్ళు వేశాక, ఇంకో 600 మైళ్ళు ఉందనగా! కొక్కేలు వేసి వెతికి, దొరికినదాన్ని పైకి లాగబోతే లాగే తాళ్ళే తెగాయి. ఉత్త చేతులతో వెనక్కి వచ్చారు.

మర్నాటి ఏడు, 1866 జూలై 13న, కొత్త తీగతో గ్రేట్ ఈస్టర్న్ మళ్ళీ బయలుదేరింది. ఈసారి తొట్లలో పనిచేసేవాళ్ళకు ప్రత్యేకమైన కాన్వాసు దుస్తులు కుట్టించారు. బొత్తాలు వీపు వైపు, జేబులు అసలే లేవు. మేకు గాని, తీగముక్క గాని దాచుకునే వీలు లేకుండా! నేరం తీగదని తేలాక కూడా జేబులు మాత్రం పనివాడికే పోయాయి. ఇది చదివినప్పుడు నాకెందుకో ఆ వైరు కుర్రాడి చెంప గుర్తొచ్చింది.

జూలై 18 అర్ధరాత్రి దాటింది. వర్షం, గాలి, చిమ్మచీకటి. వెనక తొట్టెలోంచి పైకి పోతున్న తీగ, తనకింది వరసలోని చుట్లను కొన్నింటిని తగిలించుకుని లేపేసింది. మన అమ్మమ్మలు చెప్పినట్టు ఒక చిక్కు వంద చిక్కుల్ని పిలుస్తుంది. చూస్తుండగా పెద్ద తీగ ముద్ద తొట్టెలోంచి పైకి వచ్చేసింది. అది యంత్రంలో పడిందంటే తీగ తెగి ఊరుకుంటుంది. ఓడ ఆపారు. మైలుకు మించిన లోతుకు తీగ వేలాడుతోంది. కెప్టెన్ ఆండర్సన్ ఓడ వెనక భాగాన నిలబడి తీగమీద లాగుడు పడకుండా ఓడను కాచుకుంటున్నాడు. ఇంజనీరు కానింగ్, ఓడ అధికారి హాల్పిన్, తొట్టె మనుషులు ఆ వానలో లాంతర్ల వెలుగులో ముద్దను విప్పడానికి కూర్చున్నారు. ఒక్కో మెలికను వెతికి పట్టుకోవడం, దాని వెంట పోవడం, ఎక్కడినుంచి వచ్చిందో అక్కడిదాకా వెళ్ళి జారవిడవడం. కత్తి వాడటానికి లేదు, విసుక్కోవడానికి లేదు. గంటన్నర పైగా పట్టింది. చిక్కు వీడింది, తీగకు దెబ్బ తగల్లేదు, ఓడ కదిలింది.

జూలై 27న తీగ కొస న్యూఫౌండ్‌లాండులోని హార్ట్స్ కంటెంట్ అనే చిన్న పల్లెలో ఒడ్డెక్కింది. ఈసారి అది మునుపటిలా నెల రోజులకే మూగబోలేదు. అంతటితో ఆగకుండా వెనక్కి వెళ్ళి, నిరుడు పోగొట్టుకున్న తీగ కొసను కూడా సముద్రం అడుగునుంచి లేవదీసి, కొత్త ముక్క అతికి, సెప్టెంబరు 8 నాటికి దాన్నీ ఒడ్డు చేర్చారు. ఆ ఓడే 1870లో మన బొంబాయికి వచ్చి, అక్కణ్ణుంచి ఏడెన్‌కు తీగ వేసింది. కానింగ్‌కు, ఆండర్సన్‌కు సర్ బిరుదులు వచ్చాయి. తొట్టెలో గుండ్రంగా నడిచినవాళ్ళ పేర్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు.

ఇప్పుడు రాగి పోయి గాజుపోగులు వచ్చాయి. మీ ఫోనులో అమెరికా నుంచి కూతురి ముఖం కనబడుతోందంటే, ఆ నవ్వు ఏదో సముద్రం అడుగున ఉన్న కేబుల్ లోంచే వచ్చి ఉంటుంది. ఆ కేబుల్‌ను ఓడలో పెట్టేటప్పుడు నేటికీ మనుషులు తొట్టెలోకి దిగి, చేత్తో పట్టుకుని, గుండ్రంగా నడిచే చుడతారు. మెలి తినని మొండి కేబుళ్ళకు మాత్రం తిరిగే పెద్ద పళ్ళేలు వచ్చాయి. అంటే ఆ నాయనమ్మ గారి చక్రమే!

ఆ కుర్రాడి సంగతి అడుగుతారేమో. మా ఇంటి పని అయిపోయాక మళ్ళీ కనబడలేదు. ఆ మధ్యాహ్నం మేస్త్రి భోజనం చేసి వచ్చి, కర్రకు తగిలించిన చుట్టను చూశాడు. ఏమీ అనకుండా కొస పట్టుకుని లాగడం మొదలెట్టాడు. సాయంత్రానికి పనంతా సాఫీగా అయిపోయింది. "చూశారా అమ్మగారూ, ఇప్పుడెలా వచ్చిందో!" అని నాతో గొప్పగా అన్నాడు కూడా.

అప్పుడైనా నేను, "ఆ ఉపాయం నీది కాదయ్యా, ఆ అబ్బాయిది. పొద్దున నువ్వు కొట్టింది అన్యాయం" అని ఉండాలి. కుర్చీలో కూర్చుని అంతా కళ్ళారా చూసినదాన్ని. అనలేదు. పని మధ్యలో ఆపి వెళ్ళిపోతాడేమోనని భయం. ఇద్దరికీ టీ ఇచ్చాను. కుర్రాడి గ్లాసులో పంచదార ఒక చెంచా ఎక్కువ వేశాను. నా న్యాయం అంతవరకే!

ఇప్పటికీ హాల్లో లైటు వేసినప్పుడల్లా, ఆ గోడలో తిన్నగా, మెలిక లేకుండా పడుకున్న వైరు ఎవరి పుణ్యమో నాకు తెలుసు. ఇన్నేళ్ళకు మీకూ చెప్పాను.